పాఠ్యసామగ్రి రిజర్వు, కాపీరైటు: హోసూరు–కృష్ణగిరి విద్యాసంస్థల నేపథ్యంలో

పాఠ్యసామగ్రి రిజర్వు అనేది కళాశాల, విశ్వవిద్యాలయ గ్రంథాలయాల్లో ఉండే ఒక ఏర్పాటు. ఒక కోర్సుకు అధ్యాపకులు చదవమని చెప్పిన పుస్తకాలను, అధ్యాయాలను, వ్యాసాలను మామూలు అరల్లోంచి తీసి వేరుగా ఉంచుతారు. వాటిని గంటల లెక్కన ఇస్తూ ఆ తరగతి విద్యార్థులందరికీ వంతు వచ్చేలా చూస్తారు. ఉన్న ప్రతినే చేతులు మార్చినంతవరకు కాపీరైటు ప్రశ్న రాదు. అధ్యాయం జెరాక్స్ తీసినప్పుడు, స్కాన్ చేసి కంప్యూటర్లో పెట్టినప్పుడు వస్తుంది. భారతదేశంలో ఆ ప్రశ్నకు జవాబు 1957 కాపీరైటు చట్టంలోని 52వ సెక్షన్‌లోనూ, ఢిల్లీ హైకోర్టు 2016లో ఇచ్చిన రెండు తీర్పుల్లోనూ ఉంది. తమిళనాడులో తెలుగువారు గణనీయంగా ఉన్న హోసూరు, కృష్ణగిరి ప్రాంతంలో ఈ విషయానికి ప్రత్యేకమైన బరువుంది. అక్కడ తెలుగులో పైచదువు చదివే విద్యార్థికి కావలసిన పుస్తకం పక్క వీధి దుకాణంలో దొరికేది కాదు.

ఏర్పాటు స్వరూపం

అరవైమంది ఉన్న తరగతికి గ్రంథాలయంలో ఒకే ప్రతి ఉందనుకుందాం. మామూలు పద్ధతిలో మొదట వచ్చినవారు రెండు వారాలకు తీసుకెళ్తే, మిగతా యాభై తొమ్మిది మందిలో చాలామందికి పరీక్షల లోపు ఆ పుస్తకం అందదు. రిజర్వు ఈ లెక్కను మారుస్తుంది. గుర్తింపు కార్డు ఇచ్చి, సంతకం పెట్టి, పుస్తకాన్ని రెండు మూడు గంటలు అక్కడే కూర్చుని చదువుకోవాలి. సాయంత్రం మూసేముందు తీసుకెళ్లి మర్నాడు తెరవగానే తిరిగి ఇచ్చే వీలు కొన్నిచోట్ల ఉంటుంది. సెమిస్టరు ముగిశాక పుస్తకం మళ్లీ తన అరకు చేరుతుంది.

రిజర్వు అరలో సాధారణంగా నాలుగు రకాల సామగ్రి ఉంటుంది: గ్రంథాలయం కొన్న పుస్తకాలు, అధ్యాపకులు చదువుకోవడానికి ఇచ్చిన సొంత ప్రతులు, పుస్తకాల్లోంచి తీసిన అధ్యాయాల జెరాక్సులు, పాత ప్రశ్నపత్రాలు. మొదటి రెండింటిపై చట్టపరమైన చిక్కేమీ లేదు. ఒకసారి చలామణిలోకి వచ్చిన ప్రతిని చేతులు మార్చడంపై రచయితకు మళ్లీ హక్కు ఉండదని 14వ సెక్షన్ స్పష్టం చేస్తుంది. జాగ్రత్త అవసరమయ్యేది మూడో రకం దగ్గరే.

చరిత్ర

ఈ పద్ధతి 19వ శతాబ్దం చివరి దశాబ్దాల్లో హార్వర్డ్ వంటి అమెరికా విశ్వవిద్యాలయాల్లో రూపుదిద్దుకుంది. ఒకే పాఠ్యపుస్తకం వల్లెవేయించే బోధన తగ్గి, అనేక మూలాలు చదివించే పద్ధతి వచ్చాక ఒక్క పుస్తకానికి వందమంది ఎదురుచూసే పరిస్థితి ఏర్పడింది. ఆ ఒత్తిడిలోంచే రిజర్వు పుట్టింది.

దక్షిణ భారతంలో గ్రంథాలయ సేవకు శాస్త్రీయమైన ఆధారం ఇచ్చినవారు ఎస్.ఆర్. రంగనాథన్. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకుడిగా చేరిన ఆయన 1931లో గ్రంథాలయశాస్త్ర పంచసూత్రాలను పుస్తకంగా ప్రకటించారు. పుస్తకాలు వాడుకోవడానికే, ప్రతి పాఠకుడికీ అతని పుస్తకం, ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు, పాఠకుడి కాలం ఆదా చేయాలి, గ్రంథాలయం పెరుగుతూ ఉండే జీవి అన్నవి ఆ సూత్రాల సారం. రిజర్వు అర మొదటి నాలుగు సూత్రాలనూ ఒకేచోట ఆచరణలో పెడుతుంది.

జెరాక్స్ యంత్రం రాకముందు రిజర్వు అరకు, కాపీరైటుకు పెద్దగా సంబంధం లేదు. విద్యార్థులు నోటుపుస్తకంలోకి చేత్తో ఎత్తి రాసుకునేవారు, దాన్ని ఎవరూ తప్పుపట్టలేదు. యంత్రం చౌకయ్యాక అదే పని నిమిషాల్లో జరగడం మొదలైంది, ప్రచురణకర్తల అభ్యంతరాలూ అప్పుడే మొదలయ్యాయి.

హోసూరు–కృష్ణగిరి ప్రాంతం

ఈ ప్రాంతం ఒకప్పుడు సేలం జిల్లాలో భాగం. 1965లో ధర్మపురి జిల్లాలోకి వెళ్లింది. 2004 ఫిబ్రవరి 9న కృష్ణగిరి ప్రత్యేక జిల్లా అయింది. ఒకపక్క ఆంధ్రప్రదేశ్, మరోపక్క కర్ణాటక సరిహద్దులుగా ఉన్న ఈ జిల్లాలో తమిళం, తెలుగు, కన్నడం, ఉర్దూ పక్కపక్కనే వినిపిస్తాయి. హోసూరు బెంగళూరుకు నలభై కిలోమీటర్ల దూరంలో ఉన్న పారిశ్రామిక నగరం.

జిల్లాలోని కళలు, విజ్ఞానశాస్త్రాల కళాశాలలు 1997లో ఏర్పడిన సేలం పెరియార్ విశ్వవిద్యాలయ పరిధిలోకి వస్తాయి. ఇంజినీరింగు కళాశాలల్లో 1987లో మొదలైన హోసూరు అదియమాన్ ఇంజినీరింగు కళాశాల, 1994లో వచ్చిన బర్గూరు ప్రభుత్వ ఇంజినీరింగు కళాశాల ముఖ్యమైనవి. సరిహద్దుకు అవతల, కృష్ణగిరికి దగ్గరలోనే, కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం ఉంది. 1997లో ఆంధ్రప్రదేశ్ చట్టంతో ఏర్పడిన ఈ సంస్థకు పొరుగు దక్షిణాది రాష్ట్రాల సహకారం కూడా తోడైంది. తెలుగు భాషాసాహిత్యాల్లో పైచదువుకు వెళ్లే హోసూరు విద్యార్థికి అందుబాటులో ఉన్న విశ్వవిద్యాలయాల్లో ఇది ముఖ్యమైనది.

2006లో తమిళనాడు తమిళాభ్యసన చట్టం తెచ్చాక బడుల్లో తమిళం తప్పనిసరి పాఠ్యాంశమైంది. తెలుగు చదువు కొనసాగించే పిల్లలకు పుస్తకం దొరకడం అప్పటినుంచి మరింత ముఖ్యమైన విషయమైంది. బడి స్థాయిలో తెలుగు పాఠ్యపుస్తకాలను తమిళనాడు పాఠ్యపుస్తక సంస్థ ముద్రిస్తుంది. డిగ్రీ, పీజీ స్థాయికి వచ్చేసరికి అలాంటి ఆసరా ఉండదు. తెలుగు పుస్తక వ్యాపారం విజయవాడ, హైదరాబాదు కేంద్రాలుగా నడుస్తుంది. ఈ ప్రాంతంలో గ్రంథాలయంలోని ఒక్క ప్రతే తరగతికంతటికీ పాఠ్యపుస్తకమయ్యే అవకాశం అందుకే ఎక్కువ.

భారతీయ చట్టం

1957 కాపీరైటు చట్టం 1958 జనవరి 21న అమల్లోకి వచ్చింది. 2012 సవరణ అదే ఏడాది జూన్ 21 నుంచి వర్తిస్తోంది. చట్టంలో రిజర్వు అన్న మాట ఎక్కడా లేదు. దానికి అక్కరకొచ్చే మినహాయింపులు మాత్రం 52వ సెక్షన్‌లో ఉన్నాయి.

అన్నిటికంటే బలమైనది 52(1)లోని 'ఐ' క్లాజు. బోధన క్రమంలో అధ్యాపకుడు గాని విద్యార్థి గాని ఏ రచననైనా పునర్ముద్రించుకోవడం ఉల్లంఘన కాదని అది చెబుతుంది. ప్రశ్నపత్రాల్లో, జవాబుల్లో రచనలను వాడుకోవడానికీ అదే రక్షణ ఉంది. ఎన్ని పుటలు, ఎంత శాతం అన్న హద్దును ఈ క్లాజు పెట్టలేదు.

'ఎ' క్లాజు పరిశోధనతో సహా సొంత అవసరానికి న్యాయమైన వినియోగాన్ని అనుమతిస్తుంది. ఒక పరిశోధక విద్యార్థి ఒక అధ్యాయం జెరాక్స్ తీసుకోవడం దీని కిందికి వస్తుంది.

'హెచ్' క్లాజు వేరే సందర్భానికి చెందినది. బోధన కోసం సంకలనం ప్రచురించేవారు, అందులో ఎక్కువ భాగం కాపీరైటు లేని సామగ్రే అయినప్పుడు, కాపీరైటున్న రచనల్లోంచి చిన్న భాగాలు చేర్చుకోవచ్చు. ఒకే ప్రచురణకర్త ఐదేళ్లలో ఒక రచయిత నుంచి రెండు భాగాలకు మించి తీసుకోకూడదు. ఈ పరిమితి అచ్చువేసి ప్రచురించే పుస్తకాలకే. తరగతి కోసం తీసిన ప్రతులకు దీన్ని అంటగట్టడం పొరపాటు.

'ఓ' క్లాజు ప్రకారం, భారతదేశంలో అమ్మకానికి దొరకని పుస్తకానికి లాభాపేక్ష లేని ప్రజా గ్రంథాలయం తన అవసరానికి మూడు ప్రతులకు మించకుండా తీసుకోవచ్చు. అలాంటి గ్రంథాలయమే తన దగ్గర అచ్చుప్రతి ఉన్న రచనను భద్రపరచడానికి డిజిటల్ రూపంలో దాచుకోవచ్చని 2012లో చేర్చిన 'ఎన్' క్లాజు చెబుతుంది. ప్రజా గ్రంథాలయం అంటే ఏమిటో చట్టం నిర్వచించలేదు. కళాశాల గ్రంథాలయం ఈ రెంటికన్నా 'ఐ' క్లాజు మీద ఆధారపడటమే గట్టి దారి.

ఉల్లంఘన నేరమైతే 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల రూపాయల వరకు జరిమానా ఉంటాయి. గ్రంథాలయ సిబ్బందిలో భయం పుట్టడానికి ఈ సెక్షన్ చాలు. దీన్ని 52వ సెక్షన్‌తో కలిపి చదివినప్పుడు, పాఠం కోసం చేసే పనిని చట్టం నేరాల జాబితాలోంచి ముందే తీసేసిందని తెలుస్తుంది.

ఢిల్లీ విశ్వవిద్యాలయం కేసు

2012 ఆగస్టులో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్, కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ ప్రెస్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ కలిసి ఢిల్లీ హైకోర్టులో దావా వేశాయి. ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ఆవరణలో ఉన్న రామేశ్వరీ ఫోటోకాపీ సర్వీస్ అనే చిన్న దుకాణం, ఢిల్లీ విశ్వవిద్యాలయం ప్రతివాదులు. సిలబస్‌లో చెప్పిన భాగాలను వేర్వేరు పుస్తకాల్లోంచి తీసి, కోర్సు ప్యాకులుగా కుట్టి అమ్ముతున్నారన్నది ఆరోపణ. దుకాణం పుటకు నలభై పైసలు తీసుకునేది. ఆ ఏడాది అక్టోబరులో మధ్యంతర ఉత్తర్వు వచ్చి ప్యాకుల తయారీ ఆగిపోయింది. విద్యార్థులు సంఘంగా ఏర్పడి తామూ కక్షిదారులుగా చేరారు.

2016 సెప్టెంబరు 16న జస్టిస్ రాజీవ్ సహాయ్ ఎండ్లా దావా కొట్టేశారు. చేత్తో ఎత్తి రాసుకోవడం తప్పు కానప్పుడు, అదే పని యంత్రంతో చేస్తే తప్పవదన్నది ఆయన తర్కం. బోధన క్రమం అంటే గంట మోగాక గదిలో జరిగేదే అనుకోనక్కర్లేదని, సిలబస్ తయారీ నుంచి పరీక్ష దాకా సాగే పనంతా అందులోకి వస్తుందని ఆయన నిర్ధారించారు.

డిసెంబరు 9న జస్టిస్ ప్రదీప్ నంద్రాజోగ్, జస్టిస్ యోగేశ్ ఖన్నాల ధర్మాసనం ఈ అర్థాన్ని సమర్థించింది. ఎన్ని పుటలు తీశారన్నది కొలబద్ద కాదని, బోధన ప్రయోజనానికి అది అవసరమా అన్నదే ప్రశ్న అని చెప్పింది. ప్రతి తీసింది అధ్యాపకుడా, దుకాణదారుడా అన్న తేడాను పట్టించుకోలేదు. చదువుకున్నవాళ్లు పెరిగితే పుస్తకాలు కొనేవాళ్లూ పెరుగుతారన్న వాదనకు చోటిచ్చింది. ప్యాకుల్లో చేర్చిన భాగాలు ప్రయోజనానికి తగ్గవేనా, పుస్తకం మొత్తాన్ని ప్రతి తీయవచ్చా అన్న రెండు అంశాలను మాత్రం విచారణకు వదిలింది.

ఆ విచారణ జరగలేదు. 2017 మార్చిలో ప్రచురణకర్తలు దావా వెనక్కి తీసుకున్నారు. ప్రచురణకర్తల తరఫున లైసెన్సులిచ్చే పునర్ముద్రణ హక్కుల సొసైటీ సుప్రీంకోర్టుకు వెళ్లగా అదే ఏడాది మే 9న ఆ పిటిషన్ తోసివేతకు గురైంది. అధ్యాయాల ప్రతులకు గట్టి ఆధారం దొరికింది. పూర్తి పుస్తకం సంగతి తేలకుండా మిగిలింది. ఢిల్లీ హైకోర్టు తీర్పు మద్రాసు హైకోర్టును కట్టిపడేయదు. ఇది కేంద్ర చట్టానికి ఒక హైకోర్టు ధర్మాసనం చెప్పిన వివరమైన అర్థం కాబట్టి తమిళనాడులోనూ దానికి విలువ ఉంటుంది.

ఇతర దేశాల్లో

అమెరికాలో 1991లో కింకోస్ అనే జెరాక్స్ సంస్థ, 1996లో మిషిగన్‌లోని మరో సంస్థ కోర్సు ప్యాకుల కేసుల్లో ఓడిపోయాయి. గ్రంథాలయ రిజర్వు నేరుగా కోర్టుకెక్కింది జార్జియా స్టేట్ విశ్వవిద్యాలయం కేసులో. కంప్యూటర్ ద్వారా అందించిన అధ్యాయాలపై 2008లో వేసిన దావా 2020 దాకా సాగింది. కింది కోర్టు పెట్టిన పది శాతం కొలతను 2014లో అప్పీలు కోర్టు తప్పుబట్టి, ఒక్కో భాగాన్ని విడిగా పరిశీలించమంది. బ్రిటన్ చట్టం విద్యాసంస్థకు ఏడాదిలో ఒక రచన నుంచి ఐదు శాతం దాకా అనుమతిస్తుంది. లైసెన్సు దొరికేచోట ఆ వెసులుబాటు కూడా ఉండదు. వీటి పక్కన పెట్టి చూస్తే, భారతీయ చట్టం అధ్యాపకుడి విచక్షణను ఎక్కువగా నమ్మింది.

గడువు: తొరపల్లి ఉదాహరణ

కాపీరైటు లేని పుస్తకానికి ఏ మినహాయింపూ అక్కర్లేదు. 22వ సెక్షన్ ప్రకారం రచయిత జీవితకాలం, మరణించిన ఏడాది ముగిశాక మరో అరవై ఏళ్లు హక్కు ఉంటుంది. 1992కు ముందు ఈ గడువు యాభై ఏళ్లు.

హోసూరు పక్కనే ఉన్న తొరపల్లి గ్రామంలో 1878 డిసెంబరు 10న చక్రవర్తి రాజగోపాలాచారి (రాజాజీ) పుట్టారు. ఆయన 1972 డిసెంబరు 25న కన్నుమూశారు. కాబట్టి రాజాజీ రచనలపై హక్కు 2032 డిసెంబరు 31 దాకా ఉంటుంది. వాటి తెలుగు అనువాదాలపై అనువాదకులకు విడిగా హక్కు ఉంటుంది, దాని గడువు అనువాదకుడి మరణం నుంచి లెక్కకొస్తుంది. సొంత జిల్లా రచయిత పుస్తకాన్ని రిజర్వులో పెట్టేటప్పుడు కూడా గ్రంథపాలకుడు రెండు తేదీలు చూడవలసి వస్తుంది.

తెలుగు సిలబస్‌లో తరచూ కనిపించే పేర్లకూ ఇదే లెక్క. వీరేశలింగం (మరణం 1919), గురజాడ (1915), గిడుగు రామమూర్తి (1940), అడివి బాపిరాజు (1952) రచనలు ఇప్పుడు అందరివీ. ఉన్నవ లక్ష్మీనారాయణ 1958లో పోయారు, ఆయన రచనలకు 2019 నుంచి హక్కుల అడ్డు లేదు. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి కథలు 2022లో స్వేచ్ఛ పొందాయి. విశ్వనాథ రచనలకు 2036 చివరిదాకా, చలానికి 2039 చివరిదాకా, కొడవటిగంటి కుటుంబరావుకు 2040 చివరిదాకా, శ్రీశ్రీకి 2043 చివరిదాకా హక్కు ఉంది. పాత మూలానికి కొత్తగా రాసిన పీఠిక, వ్యాఖ్యానం, టీకలకు మాత్రం వాటి రచయితల హక్కు వేరుగా వర్తిస్తుంది.

తమిళనాడులో మరో దారి కూడా ఉంది. రచయిత వారసులకు ప్రభుత్వం సొమ్ము చెల్లించి రచనలను ప్రజలపరం చేయడం అక్కడ సంప్రదాయంగా మారింది. 1949లో మద్రాసు ప్రభుత్వం సుబ్రహ్మణ్య భారతి రచనల హక్కులు తీసుకోవడం దీనికి నాంది. అలా ప్రజలపరమైన తమిళ రచనలను కృష్ణగిరి కళాశాలలు నిశ్చింతగా ఎన్ని ప్రతులైనా తీసుకోవచ్చు. తెలుగు రచయితల విషయంలోనూ ఇలాంటి ఆలోచన జరగడం ఎంతైనా అవసరం.

స్థానిక తెలుగు రచనలు

హోసూరు ప్రాంత తెలుగు కథకులు, కవులు తమ మాండలికంలో రాసిన పుస్తకాలు తక్కువ ప్రతులతో వస్తాయి, తొందరగా దొరకకుండా పోతాయి. ఈ రచయితల్లో చాలామంది మన మధ్యనే ఉన్నారు. పుస్తకం మొత్తం కావాలంటే చట్టంలోని క్లాజులు వెతికేకన్నా రచయితను అడిగి, ఒక కాగితం మీద సమ్మతి రాయించుకోవడం సులువు. ఆ కాగితాన్ని ఫైలులో పెట్టుకుంటే తర్వాత వచ్చే గ్రంథపాలకుడికీ పనికొస్తుంది. తరతరాలుగా నోటి మీద వస్తున్న పాటలకు, కతలకు ఒక్కరి హక్కంటూ ఉండదు. వాటిని సేకరించి అచ్చువేసినవారి ముందుమాటకు, వివరణలకు, రికార్డు చేసినవారి రికార్డింగుకు హక్కు ఉంటుంది.

డిజిటల్ రిజర్వు

ఇప్పుడు రిజర్వు అర చాలావరకు తరగతి వాట్సాప్ గుంపులోకి, కళాశాల సర్వరులోకి మారింది. ఎలక్ట్రానిక్ రూపంలో దాచడం కూడా పునర్ముద్రణేనని 14వ సెక్షన్ అంటుంది, అందువల్ల 'ఐ' క్లాజు దానికీ వర్తిస్తుందన్న వాదన బలమైనదే. జనానికంతటికీ అందేలా పెట్టడం మాత్రం వేరే హక్కు. దానికి ఈ క్లాజు రక్షణ ఇస్తుందని చెప్పలేం. ఆ కోర్సులో చేరినవారికే పాస్‌వర్డుతో అందించడం, సెమిస్టరు ముగిశాక తీసేయడం మంచి పద్ధతి.

చందా కట్టి తెచ్చుకున్న ఈ-పత్రికలకు, ఈ-పుస్తకాలకు ఒప్పందంలోని షరతులు వర్తిస్తాయి. పీడీఎఫ్‌ను దించి పంచేకన్నా లంకె ఇవ్వడం మేలు. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన 'ఒకే దేశం ఒకే చందా' పథకం మూడేళ్లకు ఆరు వేల కోట్ల రూపాయలతో ప్రభుత్వ విద్యాసంస్థలకు దాదాపు పదమూడు వేల పత్రికలను అందిస్తోంది. ప్రైవేటు కళాశాలలు దీని పరిధిలో లేవు.

చూపులేని విద్యార్థుల విషయంలో చట్టం మరింత ఉదారంగా ఉంది. 2012లో చేర్చిన 'జెడ్‌బి' క్లాజు ప్రకారం, వికలాంగులకు అందుబాటులో ఉండే రూపంలోకి ఏ రచననైనా మార్చి, లాభం లేకుండా ఇవ్వవచ్చు. చూపులేనివారికి పుస్తకాలు అందేలా చూసే అంతర్జాతీయ మరాకేష్ ఒప్పందాన్ని 2014 జూన్‌లో అందరికంటే ముందు ఆమోదించిన దేశం భారతదేశమే.

ఆచరణ

చట్టాన్ని, తీర్పులను కలిపి చూస్తే గ్రంథాలయానికి కొన్ని స్పష్టమైన పద్ధతులు తేలతాయి. అధ్యాపకుడు కోర్సు పేరు, పుస్తకం, పుటల సంఖ్య రాసి సంతకంతో కోరాలి, బోధన ప్రయోజనానికి ఆ కాగితమే సాక్ష్యం. దొరికే పుస్తకమైతే కనీసం ఒక ప్రతి కొనాలి. అవసరమైన అధ్యాయాలనే తీయాలి. దుకాణంలో దొరికే పుస్తకాన్ని మొత్తంగా ప్రతి తీయకపోవడమే క్షేమం. ప్రతి మొదటి పుటపై రచయిత, పుస్తకం, ప్రచురణకర్త, సంవత్సరం రాయాలి. జెరాక్స్ ఖర్చుకు మించి వసూలు చేయకూడదు. కోర్సు ముగిశాక ప్రతులను అరలోంచి తీసేయాలి.

రచయితల పక్షం కూడా మరవకూడదు. తెలుగులో పుస్తకం రాసి బతికేవారు అరుదు. ప్రతి కొనుగోలూ వారికి ఆసరా, వారికి ఆదరణ. రిజర్వు అర కొనుగోలుకు బదులు కారాదు. కొన్న ఆ ఒక్క ప్రతి తరగతికంతటికీ అందేలా చూడటం దాని పని.

ముందున్న ప్రశ్న

2021 జులైలో మేధోసంపత్తి హక్కులపై నివేదిక ఇచ్చిన పార్లమెంటు స్థాయీసంఘం, ఇలా ప్రతులు తీసుకునే వెసులుబాటును ప్రభుత్వ విద్యాసంస్థలకే పరిమితం చేసేలా 52వ సెక్షన్‌ను సవరించమని సూచించింది. అలా జరిగితే ఒకే జిల్లాలో రెండు న్యాయాలు ఏర్పడతాయి. బర్గూరు ప్రభుత్వ కళాశాల విద్యార్థికి అందే అధ్యాయం హోసూరు ప్రైవేటు కళాశాలలో అదే విషయం చదివే విద్యార్థికి అందదు. ఆ ప్రైవేటు కళాశాలల్లో చదివేవారిలోనూ రైతుల పిల్లలు, ఫ్యాక్టరీ కార్మికుల పిల్లలు ఉన్నారు. ఇప్పటి చట్టం అధ్యాపకుడు, విద్యార్థి అని మాత్రమే అంటుంది, వారు ఏ కళాశాలవారని అడగదు. పెద్ద నగరాలకు, సొంత భాష మార్కెట్టుకు దూరంగా ఉన్న ఈ ప్రాంతానికి ఆ రెండు మాటల విలువ చాలా ఎక్కువ. గ్రంథపాలకులు, అధ్యాపకులు వాటిని ధైర్యంగా, బాధ్యతగా వాడుకున్నంతకాలం, హోసూరులో దొరకని పుస్తకంలోని పాఠం కూడా హోసూరు విద్యార్థికి అందుతుంది.